చెట్టు మీది పీట

మా బావ పోయాడని తెలిసి ఫోన్ చేసినవాళ్లలో చాలామంది ముందు అడిగిన మాట ఒకటే. "చెట్టు మీంచి పడ్డాడా?"

కాదు. కిడ్నీలు పాడై ఆస్పత్రి మంచం మీదే పోయాడు. పోయే ముందు రోజుల్లో కూడా నర్సు సెలైన్ సీసా మారిస్తే దాని మీద ఎవరి పేరుందో చదవమని నన్ను పిలిచేవాడు. "నా పేరేనా? పక్క మంచం ముసిలోడిదా?" చదివి చెప్పేవాణ్ణి. నమ్మేవాడు కాదు. అక్కని పిలిచి మళ్లీ చదివించేవాడు.

అలాంటి మనిషి. కుర్చీ కనబడితే ముందు అరచేత్తో నొక్కి చూశాకే కూర్చునేవాడు. ఎవరింట్లో టీ ఇచ్చినా వాసన చూసేవాడు. పెళ్లిలో ఫోటో తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టి "ఎక్కడెడతావు దీన్ని?" అనేవాడు. ఏది అడిగినా జవాబు రాకముందు ఒక ప్రశ్న వచ్చేది. అన్నం తిన్నావా బావా అంటే "ఎవురడిగినారు?" ఎక్కడికెళ్తున్నావు అంటే "ఎవురడిగినారు?" ఎదురుగా నిలబడి అడుగుతున్నది నేనే. అయినా నా వెనక ఇంకెవరో ఉండి నాచేత అడిగిస్తున్నారని ఆయన నమ్మకం.

అక్కని చూడ్డానికి వచ్చిన రోజున మా ఇంట్లో బెంచీని రెండు చేతులా ఊపి చూశాడు. నాన్న మురిసిపోయి "జాగ్రత్త గల మనిషి" అన్నాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచే ఆయన మీద ఒక కన్ను ఉండేది. బెంచీనే నమ్మనివాడు మా అక్కని ఏం నమ్ముతాడని.

మలేసియాలోని హుటాన్ మెలింటాంగ్‌లో జెట్టీకి వెళ్లే దారిలో నాది ఇనప సామాన్ల కొట్టు. బావ పడవల రేవులో పని చేసేవాడు. చేపల పడవలకి అడుగు చెక్కలు మార్చడం, రెయిలింగ్ వెల్డు చెయ్యడం, ఇంజన్ దిమ్మ బిగించడం. నా కొట్టుకి బోల్టుల కోసం వచ్చినప్పుడు చొక్కా జేబులోంచి చిన్న అయస్కాంతం తీసేవాడు. స్టెయిన్‌లెస్ స్టీల్ అని నేను చెప్పిన ప్రతి బోల్టుకీ దాన్ని ఆనించి చూసేవాడు. అతుక్కుంటే పక్కన పడేసేవాడు. ఉప్పు గాలికి తుప్పు పట్టే రకం అని. కొట్లో మలాయ్ వాళ్లూ చైనా వాళ్లూ నిలబడి చూసేవాళ్లు. సొంత బావమరిది కొట్లోనే ఆయన అలా చేస్తుంటే వేరేవాళ్లు నా సరుకు ఎలా కొంటారని నాకు లోపల మంటగా ఉండేది.

ఆయన ఇలా పుట్టాడా, ఇలా అయ్యాడా అంటే చెప్పలేను. ఒక సంగతి మాత్రం చెప్పగలను.

అడవిపందుల వేట ఆయనకి ఇష్టం. లైసెన్సు తుపాకి ఉండేది. మా వైపు ఆయిల్‌పామ్ తోటల్లో లేత మొక్క నాటితే చాలు, పందులు వచ్చి మొదలు తవ్వి మొవ్వ తినేస్తాయి. కర్రపెండలం వేసినా అంతే. అందుకని తోటలవాళ్లే పిలిచేవాళ్లు. బావకి వేటలో ఒక జతగాడు ఉండేవాడు. సింహాచలం అన్న. ఇద్దరూ ఒకే ఎస్టేట్ కూలీల లైను ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లు. ఎస్టేట్ అమ్మేశాక ఇద్దరూ ఈ ఊరికే వచ్చారు. ఒకడు రేవులో చేరాడు, ఇంకొకడు చిన్న తోట చూసుకున్నాడు.

అప్పట్లో వాళ్లు చెట్టు పంగలో మంచె కట్టుకుని దాని మీద కూర్చునేవారు. కొమ్మల మీద అడ్డంగా రెండు పలకలు, మేకులు, అంతే. ఒకసారి సింహాచలం అన్న పాత జెట్టీ ఊడదీసినప్పుడు మిగిలిన పలకలు తెచ్చి మంచె కట్టాడు. పైకి ఇనుములా ఉన్నాయట. ఇద్దరూ ఎక్కారు. బావ కూర్చున్న పలక ఫెళ్లున విరిగింది. తుంటి విరిగి, చీలమండ నలిగి, చాలాకాలం మంచం మీద ఉన్నాడు. లేచాక ఎడమ కాలు ఈడ్చి నడిచేవాడు.

సింహాచలం అన్నకి గీత కూడా పడలేదు. ఆయన కూర్చున్న పలక నిలిచింది. ఆ రోజు బావని భుజాన వేసుకుని రోడ్డు దాకా మోసుకొచ్చింది ఆయనే. కానీ ఆ తరవాత ఆస్పత్రికి ఒక్కసారీ రాలేదు.

బావ పట్టుకున్నది ఆ ముక్కే. "తప్పు లేనోడు వస్తాడు," అనేవాడు. "పలక పుచ్చిపోనాదని వాడికి తెలుసు. తెలిసే నా పక్కనెట్టినాడు."

"ఎందుకెడతాడు బావా? చిన్నప్పటి నేస్తం గదా," అంటే నా వంక అదోలా చూసేవాడు. నన్ను సింహాచలం పంపించాడేమో అన్నట్టు.

ఆ పైన ఏళ్ల తరబడి మాటల్లేవు. చిన్న ఊరు. కాఫీ కొట్టులోకి ఒకడు వస్తే ఇంకొకడు కప్పు వదిలేసి లేచేవాడు. గుడిలో ఉగాది పూట ఒకడు తూర్పు స్తంభం దగ్గరుంటే ఇంకొకడు పడమటి స్తంభం దగ్గర.

కాలు అలా ఉన్నా బావకి వేట మీద ఆశ పోలేదు. ఒకరోజు ఫోన్‌లో వీడియో చూపించాడు. ఎక్కడో తెల్లవాళ్లు. నడుముకీ తొడలకీ వెడల్పాటి పట్టీ వేసుకుని, గుర్రానికి జీను కట్టినట్టు, దాన్ని తాడుతో చెట్టు మానుకి తగిలించి వెనక్కి వాలి ఉన్నారు. కాళ్ల కింద చిన్న పలక. మన పీట అంత. అది మానుకి పట్టీతో బిగించి ఉంది.

"బాగుంది బావా. తెప్పించుకో," అన్నాను.

"ఎవుడో సేసినదాని మీద నేను నిలబడాలా?" అన్నాడు.

తనే చేసుకున్నాడు. విరిగిపోయిన పడవ డెక్కు మీది గళ్ల అల్యూమినియం రేకు కోసి పైన వేశాడు. కింద చదరపు ఇనప గొట్టంతో చట్రం. మానుకి ఆనే వైపు రంపం పళ్లలా కోసిన రెండు ఇనప ముక్కలు, బెరడులోకి దిగబడేలా. లారీ మీద సరుకు బిగించే పట్టీ. ఎక్కడానికి విడివిడిగా కట్టుకునే ఇనప మెట్లు. జీను మాత్రం ఫ్యాక్టరీలో ఎత్తు మీద పని చేసేవాళ్లు వేసుకునే పాత బెల్టు ఊడదీసి, పడవ తెరచాప కుట్టే సూదితో తనే కుట్టుకున్నాడు. అక్క చీర అంచు కుట్టమంటే కళ్లు కనబడవన్న మనిషి.

చేశాక ఎక్కలేదు. పెరట్లో కొబ్బరి చెట్టుకి మోకాలెత్తున కట్టి దాని మీద తన బరువుకి మించి ఇసక బస్తాలు పెట్టాడు. ఎండలో వానలో అలాగే ఉంచాడు. రోజూ పొద్దున్నే వచ్చి వంగి కిందనుంచి చూసేవాడు. అక్క బట్టలు ఆరేసుకోవడానికి ఆ చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చేది.

"మీ బావ నన్ను కూడా ఇలాగే ఎండలో నిలబెట్టి సూసి సేసుకోవాల్సింది," అంది నాతో.

ఏ చెట్టు మీద కట్టాలన్నది ఇంకో తగువు. ఆయిల్‌పామ్ మానుని నమ్మడు, మట్టల మొదళ్లు ఊడొస్తాయని. రబ్బరు చెట్టు గాలికి విరుగుతుందని. చివరికి ముళ్ల కాయలు కాసే డురియన్ చెట్టుని ఒప్పుకున్నాడు. అదీ కాయల కాలం కాకపోతేనే. కాయ నెత్తిన పడితే చెట్టు కావాలని పడేసిందనుకునేవాడు, నాకు తెలుసు.

మొత్తానికి ఎక్కాడు. పందిని కొట్టాడు కూడా. మాంసం ఇళ్లకి పంచారు. కుంటివాడు చెట్టెక్కి పందిని కొట్టాడన్న మాట ఊరంతా పాకింది.

అప్పుడొచ్చాడు సింహాచలం అన్న. ఆదివారం పూట, పదకొండు గంటలప్పుడు. నేను అక్కడే ఉన్నాను. మోటార్ సైకిల్ గేటు బయట ఆపి, హెల్మెట్ తియ్యకుండా నిలబడ్డాడు. బాగా నీరసించాడు, జుట్టు తెల్లబడింది.

"నా తోటలో కొత్తగా నాటినవన్నీ తినేసినాయి," అన్నాడు గేటు అవతలి నుంచే. "మోకాళ్లు మడిసి కొమ్మ మీద కూసోలేకపోతన్నాను. నువ్వు సేసిన పీటలాంటిది నాకొకటి సేసి పెట్టు."

అక్క వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. నేను బావ మొహం చూస్తున్నాను.

"సరే," అన్నాడు బావ.

అంతే. ఎవురడిగినారు అనలేదు. ఎందుకు, ఎప్పటికి, ఏమీ అడగలేదు. సింహాచలం అన్న తల ఊపి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లగానే అక్క నన్ను పక్కకి పిలిచింది. "తమ్ముడూ, నాకు బయ్యంగా ఉంది. ఉప్పు తెమ్మంటే కూడా ఎందుకని అడిగే మనిషి. ఇంత సుళువుగా సరే అన్నాడంటే ఏటో ఉంది. నువ్వు కాస్త సూసుకో."

నాకూ అదే అనిపించింది. మర్నాడు కొట్టుకి వచ్చి బోల్టులు అడిగాడు. ఇచ్చాను. చేతిలోకి తీసుకుని సంచిలో వేసుకున్నాడు. అయస్కాంతం తియ్యలేదు. జేబులో అది ఉన్న చోట చొక్కా వేలాడుతూ కనబడుతూనే ఉంది. తియ్యలేదు. తన పీటకైతే ప్రతి బోల్టూ పరీక్షించినవాడు. ఆ పూటంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

కొన్నాళ్లకి పీట తయారైందని తెలిసింది. మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్లిన సమయం చూసుకుని పెరట్లోకి వెళ్లాను. టార్పాలిన్ ఎత్తి పీట తిరగేశాను. రేకు బాగానే ఉంది. పట్టీ కొత్తది. చట్రం గొట్టాలు కలిసే చోట, బరువంతా పడే చోట, వెల్డు అరగదీసి నున్నగా చేసి ఉంది. తన పీటకి అక్కడ వెల్డు లావుగా గడ్డలా ఉండడం నేను చూశాను. దీనికి లేదు. వేలు పెట్టి రాశాను.

"ఏటి దొరికింది?"

వెనక బావ. తుండు కట్టుకుని, తల మీంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏటీ లేదు బావా."

"మరి అక్కడే ఏలెట్టి ఎందుకు సూస్తన్నావు?"

ఇక దాచలేకపోయాను. "ఇక్కడ వెల్డు ఎందుకు అరగదీసినావు?"

"నా దానికి గడ్డ మానుకి తగిలి పీట ఊగతంది. అందుకని దీనికి లోపల అతికి పైన సాపు సేసినాను." అని ఆగాడు. నా మొహంలోకి చూశాడు. ఆయన చూపు నాకు బాగా తెలుసు, సరుకుని చూసే చూపు. కానీ అది కాదు. "నువ్వేటనుకున్నావు?"

నేను పీట మీద టార్పాలిన్ కప్పాను.

"నువ్వే అనుకున్నావంటే వాడు అనుకోకుండా ఉంటాడా," అన్నాడు. తుండు కొసతో మొహం తుడుచుకుని, కొబ్బరి చెట్టు దగ్గర తిరగేసి ఉన్న బకెట్ మీద కూర్చున్నాడు. నొక్కి చూడకుండా కూర్చోవడం అదొక్కసారే చూశాను.

మర్నాడు పొద్దున్నే కొట్టుకి వచ్చి మళ్లీ అవే బోల్టులు, అంతే మొత్తం తీసుకున్నాడు. ఒక పీటకి రెండింతలు ఎందుకు? మంచివి తీసి చెడ్డవి పెడతాడా? చెడ్డవి తీసి మంచివి పెడతాడా? అడగడానికి నోరు రాలేదు. సింహాచలం అన్నకి చెప్పేద్దామా అని రెండుసార్లు ఫోన్ తీశాను. ఏమని చెప్పాలి? మా బావ నిన్ను చంపుతాడేమో అనా? ఫోన్ పెట్టేశాను.

డురియన్ చెట్టు దగ్గరికి ఆ సాయంత్రం నన్నూ రమ్మన్నాడు బావ. సింహాచలం అన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. ఎండ ఇంకా ఉంది. బావ బండి మీంచి గోనెసంచి దింపి విప్పాడు. లోపల రెండు పీటలు. రెండూ కొత్తవే. ఒకే రేకు, ఒకే పట్టీ, ఒకే నునుపు. పక్కపక్కన గడ్డి మీద పెట్టాడు.

"ఏది కావాలో తీసుకో. రెండోది నాది," అన్నాడు. "ఇదే సెట్టుకి నీ ఎనకాలే కడతాను."

సింహాచలం అన్న చుట్టూ చూశాడు. "తుపాకి ఏది?"

"ఈయేల పందికి రాలేదు."

సింహాచలం అన్న కూర్చుని ఒక పీట తిరగేశాడు. నేను వేలు పెట్టిన చోటే వేలు పెట్టాడు. తరవాత రెండోది. మొదటిది పక్కకి లాక్కున్నాడు. మళ్లీ దాన్ని వదిలి రెండోది తీసుకున్నాడు. కాసేపటికి మళ్లీ మొదటిదే పట్టుకుని లేచాడు. బావ చీమలు చూస్తున్నవాడిలా కింద చూస్తూ నిలబడ్డాడు.

మెట్లు కట్టుకుంటూ ఇద్దరూ చెరో వైపు నుంచి ఎక్కారు. బావ కాలు ఈడ్చుకుంటూ ఎక్కుతుంటే చూడలేకపోయాను. ఇంటి కప్పు ఎత్తుకి వెళ్లాక పీటలు బిగించుకుని, జీను తాడు మానుకి తగిలించుకుని, అడుగు పెట్టారు. ముందు బావ పెట్టాడు. తరవాత సింహాచలం అన్న, ఒక కాలు, చాలాసేపటికి రెండో కాలు. రెండు పీటలూ నిలిచాయి.

మాను మధ్యలో ఉంది కాబట్టి ఒకరి మొహం ఒకరికి కనబడదు. కింద నిలబడిన నాకు ఇద్దరూ కనబడుతున్నారు. నది వైపు నుంచి పడవ ఇంజన్ చప్పుడు వచ్చి పోయింది.

"ఆ పలక పుచ్చిపోనాదని నీకు తెలుసా?" అన్నాడు బావ.

సింహాచలం అన్న జీను తాడు ముడి తడిమి చూసుకున్నాడు. మళ్లీ అడగలేదు బావ.

"ఒకటి మేకు కొడతంటే డొల్లగా మోగింది," అన్నాడు సింహాచలం అన్న చివరికి. "అది నీ పక్కకి వచ్చింది. మార్సుదామనుకున్నాను. అప్పటికే పొద్దు వాలిపోతంది. సెప్తే నువ్వు దిగిపోతావు, వేట పోతాది. ఒక పూటకి ఆగుద్దిలే అనుకున్నాను."

"ఆస్పత్రికి ఎందుకు రాలేదు?"

"నీ మొకం సూస్తే సెప్పేస్తానని."

అప్పుడు చూశాను. బావ కుడి చెయ్యి మాను చుట్టూ మెల్లగా అవతలికి వెళ్తోంది. సింహాచలం అన్న పీట పట్టీ దగ్గరికి. ఎత్తితే పట్టీ వదులైపోయే బిగింపు మీట ఆయన వేళ్లకి అందేంత దూరంలో ఉంది. పరిగెత్తి పట్టుకుందామంటే నేను నేల మీద ఉన్నాను. సింహాచలం అన్నకి ఆ చెయ్యి కనబడింది. కదల్లేదు. కళ్లు మూసుకున్నాడు.

బావ వేళ్లు మీట దాటి, గాలికి వేలాడుతున్న పట్టీ కొసని పట్టుకున్నాయి. దాన్ని లాగి, మడిచి, పట్టీ కిందికి దోపి, ముడేశాయి.

"కొస ఒదిలేస్తే కాలికి తగులుకుంటాది," అన్నాడు.

ఇద్దరూ చీకటి పడకముందే దిగారు. సింహాచలం అన్న తన పీట బండికి కట్టుకుని వెళ్లిపోయాడు.

బావ ఆయన్ని క్షమించాడని నేను చెప్పను. ఆ తరవాత కొన్నేళ్లు కలిసే వేటకి వెళ్లేవారు. అయినా సింహాచలం అన్న ఫ్లాస్కులోంచి పోసిన టీని బావ వాసన చూసే తాగేవాడు. సింహాచలం అన్న తన కప్పు ఎప్పుడూ ముందు తాగి చూపించేవాడు. అది అలవాటైపోయి, అలా చేస్తున్నామని కూడా ఇద్దరికీ తెలిసేది కాదనుకుంటాను. బావ ఆస్పత్రిలో చేరాక మాత్రం సింహాచలం అన్న ప్రతి సాయంత్రం వచ్చేవాడు. బస్సులో వచ్చి, మంచం పక్కన కూర్చుని, మాట్లాడకుండా, ఆఖరి బస్సుకి వెళ్లిపోయేవాడు.

దహనం అయ్యాక మా ఇంటి ముందు రేకుల పందిట్లో ఆయనా నేనూ కూర్చున్నాం. చుట్టూ ఎవరూ లేరు. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాను.

"ఆ రోజు రెండు పీటలు పెట్టినాడు గదా అన్నా. మొదటిది తీసుకున్నావు, రెండోది తీసుకున్నావు, మళ్లీ మొదటిదే తీసుకున్నావు. అది మంచిదని ఎలా తెలిసింది?"

"తెలీలేదు," అన్నాడు. "రెండూ కోసేసి ఉంటాడనుకున్నాను."

నేను ఆయన వంక చూశాను.

"మరెందుకెక్కినావు?"

సింహాచలం అన్న నల్ల కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకున్నాడు.

"తనూ ఎక్కతన్నాడు గదా," అన్నాడు. "మళ్లీ వాడొక్కడే పడితే నేను సూడలేను."